చెంచాడు నూనె తోడు

చెంచాడు తోడు ఇచ్చినందుకు వీరవేణి మీద దేశద్రోహం కేసు పెట్టారు.

మొదట ములికిలంక ఊరంతా నవ్వింది. పాలు తోడేసుకోడానికి గిన్నె పట్టుకొస్తే లేదనే ఇల్లాలు గోదావరి పాయల మధ్య ఎక్కడైనా ఉంటుందా? అరవై రెండేళ్ళ వీరవేణి అయితే మరీను. ఆరు నెలలుగా మాటల్లేని తోడికోడలు వచ్చి అడిగినా సరే, ముందు గిన్నెలో ఇంత వేసి ఇచ్చి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టేది. కానీ ఈసారి ఇచ్చిన తోడు పాలకి కాదు, ఇచ్చింది పక్కింటికీ కాదు. అది నూనె తోడు. ఇచ్చింది ప్రభుత్వం శత్రువని ముద్ర కొట్టిన దర్బీన్ దేశానికి. ఆ మాట తెలిశాక ఊరు నవ్వడం మానేసింది.

సంగతి మొదటి నుంచీ చెప్పుకోవాలి.

ములికిలంక కొబ్బరితోటల కింద గ్యాసు గొట్టాలున్నాయి. గట్ల మీద పచ్చరంగు బోర్డులు, వాటి మీద 'ఇక్కడ తవ్వరాదు, నిప్పు రాజేయరాదు' అని రాతలు. ఆ బోర్డుల పక్కనే ఆడవాళ్ళు కొబ్బరిమట్టలు, డొక్కలు ఏరుకుని పొయ్యి కిందికి పట్టుకుపోయేవారు. కింద పారే గ్యాసు ఎక్కడెక్కడి ఊళ్ళకో పోయేది. పైన ఉన్నవాళ్ళకి మాత్రం సిలిండరు దొరకడం గగనం. "మన కాళ్ళ కింద ఏటుందో మనకి తప్ప లోకం అంతటికీ తెలుసండి" అనేది వీరవేణి.

ఆ ఏడు గల్ఫ్‌లో ఖల్వా, దర్బీన్ అనే రెండు దేశాలు సముద్రం అడుగున ఉన్న ఒక గ్యాసు బావి కోసం రెండోసారి కొట్టుకున్నాయి. పెద్ద దేశాలన్నీ తమ తమ లెక్కలు చూసుకుని ఖల్వా వైపు చేరాయి. మనమూ చేరాం. దాంతో దర్బీన్ వాళ్ళు ఓడలు తిరిగే జలసంధి మూసేశారు. ఎక్కడి జలసంధి, ఎక్కడి ములికిలంక! అయినా మూడు నెలలు ఊళ్ళో ఒక్క సిలిండరు దిగలేదు. చేపల పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. పక్క మండలం ఆసుపత్రిలో జనరేటరు ఆగి ఇద్దరు బాలింతలు పోయారు. యుద్ధం అంటే టీవీలో కనిపించేదే కాదని అప్పుడు అందరికీ అర్థమైంది.

వీరవేణికి అది కొత్తగా అర్థమైంది కాదు. ఇరవై ఆరేళ్ళ కిందట, ఆ బావి కోసమే మొదటిసారి కొట్టుకున్నప్పుడు, ఆవిడ ఖల్వాలో ఒక షేకు ఇంట్లో పనిమనిషి.

ఆవిడ కూతురు నాగదుర్గ రొయ్యల పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. పాడుబడిన రొయ్యల చెరువు అడుగు బురదలో ఆ పిల్లకి ఒక సూక్ష్మజీవి దొరికింది. గడ్డి, పేడ, కొబ్బరిపీచు, రొయ్య పెంకులు, ఏది వేస్తే అది తిని, నాలుగు రోజుల్లో పైన మీగడలా నూనె తేలుస్తుంది. ఆ నూనె వడగట్టి ఇంజన్లో పోస్తే ఇంజను తిరుగుతుంది. దీని మీద పదిహేనేళ్ళు కూర్చుంది దుర్గ. పెళ్ళి సంబంధాలు వచ్చి వచ్చి విసిగిపోయి రావడం మానేశాయి. చిక్కల్లా ఒక్కటే. గాజు సీసాలో మూడు విడతలు బాగా పనిచేసి, నాలుగో విడతకి ఆ జీవి చచ్చిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళిన వీరవేణి, బల్ల మీద తలవాల్చి ఏడుస్తున్న కూతుర్ని చూసింది. పక్కన సీసా. సీసాకి బిరడా, బిరడాకి సీలు.

"ఏటే దుర్గా, దీన్ని ఇలా ఒంటిగా బుడ్డిలో కూకోబెట్టేవు?"

"వేరే సూక్ష్మజీవులు కలవకూడదమ్మా. శుద్ధంగా ఉండాలి."

"మడి కట్టించేవన్నమాట. ఓసి పిచ్చిదానా, తోడన్నాక నాలుగిళ్ళు తిరగాలే. మనింట్లోనే వారం పది రోజులు అదే తోడు మీద తోడు వేస్తే పెరుగు జిగురొచ్చేత్తది. అప్పుడేం చేత్తాం? మనం ఇచ్చిన ఇంటికే ఎళ్ళి మళ్ళీ ఇంత తెచ్చుకుంటాం. ఇలా తే."

దుర్గకి నవ్వొచ్చింది. ఎలాగూ చచ్చేదే కదా అని ఒక గ్లాసుడు ఇచ్చింది. వీరవేణి దాన్ని పెరట్లో నీలం డ్రమ్ములో వేసి, నాలుగో రోజున ఎదురింటికి ఇంత, రేవు దగ్గర పడవలవాళ్ళకి ఇంత పంచింది. తన డ్రమ్ము నీరసించినప్పుడల్లా వాళ్ళ దగ్గర్నుంచి ఒక చెంబుడు తెచ్చుకుంది. నెల తిరిగేసరికి ములికిలంకలో ఇరవై డ్రమ్ముల్లో నూనె తేలుతోంది. ఒంటరిగా ఉంటే ఆ జీవి తన శక్తి తనే మరిచిపోతుందని, ఒక్కో ఇంటి మట్టిలో, పేడలో ఉన్న మిగతా జీవుల దగ్గర దానికి కావలసినది ఏదో తీసుకుంటుందని దుర్గ తర్వాత కనిపెట్టింది. దాన్ని గురించి నలభై పేజీలు రాసింది. వీరవేణి మాత్రం "అదే కదే నేను సెప్పింది" అంది.

ఆ నూనెతో మొదటి పడవ కదిలిన రోజున రేవులో ఆడవాళ్ళు దుర్గకి హారతి పట్టారు. మూడు నెలల తర్వాత ఊళ్ళో పులస పులుసు వాసన వచ్చింది.

పదిహేను రోజులు తిరక్కుండా ఢిల్లీ నుంచి భార్గవ గారు దిగారు. ఇంధన వ్యవహారాల్లో పెద్ద అధికారి. తెలుగువాడే, మర్యాదస్తుడే. నీలం డ్రమ్ము మూత తీసి చూసి, "ఇది బాంబుకన్నా పెద్దదమ్మా" అన్నారు.

"బాంబేటండీ బాబూ, దీంతో నేను టీ కాసుకుంటన్నాను" అంది వీరవేణి.

"అదేనమ్మా నేననేది. ఈ లోకంలో ఎవరు ఎవరికి తలవంచాలో వందేళ్ళుగా నూనె బావులే తేల్చాయి. ఇప్పుడు ఆ తాళంచెవి మన చేతికి వచ్చింది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో మనమే చెబుతాం. దీన్ని పెరళ్ళలో ఉంచడానికి వీల్లేదు."

చట్టం వచ్చింది. ఊళ్ళో డ్రమ్ములన్నీ లారీలెక్కాయి. నూనె తోడుని అరవై నాలుగు ఉక్కు పాత్రల్లో పెట్టి, రెండు తాళాల భాండాగారం కట్టి, దానికి దుర్గని డైరెక్టర్ని చేశారు. మన ఆసుపత్రులకి, బస్సులకి, నౌకాదళానికి నూనె తయారైంది. మిత్రదేశాలు వరస కట్టాయి. వాళ్ళకి ఇచ్చిన తోడు పది విడతలకి తనంతట తనే చచ్చిపోయేలా దుర్గ చేతే తయారుచేయించారు. మళ్ళీ మళ్ళీ మన గుమ్మానికే రావాలి కదా! దుర్గకి అది మింగుడు పడలేదు. కానీ పదిహేనేళ్ళ కష్టం పండిన రోజులు అవి. మింగేసింది.

లారీల్లోకి డ్రమ్ములెక్కించిన ఉదయం వీరవేణి ఒక పని చేసింది. తోడు ఎవరికి ఇచ్చినా, గిన్నె దాటించే ముందు ఒక చెంచాడు తనకి ఉంచుకోవడం ఆవిడకి పుట్టినప్పటినుంచీ అలవాటు. ఆ రోజు కూడా అధికారుల ఎదుటే, పోలీసుల ఎదుటే, డ్రమ్ములోంచి ఒక చెంచాడు తీసి పచ్చడి జాడీలో వేసి మూత పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. చట్టం రాసినవాళ్ళకి ఆ అలవాటు సంగతి తెలియదు. అది నేరమని వీరవేణికీ తట్టలేదు.

ఆ పై వేసవిలో టీవీలో దర్బీన్ చూపించారు. చుట్టూ దిగ్బంధం. సముద్రమంత నూనె మీద కూర్చున్న దేశంలో శుద్ధి కర్మాగారాలన్నీ బాంబులకి కూలిపోయి, దీపానికి నూనె లేదు. మీర్జాన్ అనే ఊళ్ళో పిల్లల ఆసుపత్రి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టెలకి కరెంటు లేక, తల్లులు గుండెలకి కట్టుకుని కూర్చున్నారు.

'మీర్జాన్' అన్న పేరు వినగానే వీరవేణి చేతిలో బియ్యం చేట కింద పెట్టేసింది. ఆ ఆదివారం దుర్గ ఇంటికి వస్తే, అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"దుర్గా, నన్ను ఖల్వా నుంచి తెచ్చినాయన ఊరు మీర్జాను."

దుర్గకి ఆ కథ తెలుసు. పన్నెండేళ్ళ పిల్లగా మేనత్త ఇంట్లో ఉంటూ అమ్మ చచ్చిపోయిందనే అనుకున్న రోజులవి. దర్బీన్ సైన్యం వస్తోందని షేకు కుటుంబం కార్లెక్కి పారిపోయింది. పోతూ పోతూ ఇంటికి తాళం వేసింది, లోపల పనిమనిషి ఉందన్న సంగతి కూడా గుర్తు లేకుండా. ఇరవై రోజులు వీరవేణి పాలపొడి కలుపుకుని, దాన్నే తోడేసుకుని, ఆ పెరుగుతో బతికింది. చివరికి మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు తోడుకుపోవడానికి దర్బీన్ సైన్యం నీళ్ళ లారీ ఒకటి వచ్చింది. దాని డ్రైవరు అబూ నసీర్ తలుపు విరగ్గొట్టాడు. యాభై ఏళ్ళ మనిషి. బలవంతాన యుద్ధానికి పట్టుకొచ్చినవాడు. సైన్యం నూనె దారి మళ్ళించిన డ్రైవర్లని కాల్చేస్తున్న రోజుల్లో, లారీలో ఉన్న నూనె మొత్తం కాల్చి ఆవిణ్ణి సరిహద్దు శిబిరం దాకా తెచ్చి దింపాడు. అక్కడ లారీ ఆగిపోయింది. ఇంక ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

ఇవ్వడానికి వీరవేణి దగ్గర ఏముంది? ఇరవై రోజులు తనని బతికించిన తోడు ఉంది. తన గళ్ళచీర పైటచెంగు చింపి, ఆ నూలు గుడ్డకి దాన్ని పట్టించి, నీడలో ఆరబెట్టి, ఇల్లు చేరితే పనికొస్తుందని తెచ్చుకుంటోంది. అందులో సగం చింపి ఆయన మణికట్టుకి కట్టింది. "ఇంటికెళ్ళి గోరువెచ్చని పాలల్లో ముంచు బాబూ" అని వచ్చీరాని వాళ్ళ భాషలో చెప్పింది. ఆయన నవ్వి, లారీ అక్కడే వదిలేసి, ఎడారిలో వెనక్కి నడిచివెళ్ళాడు. ఇల్లు చేరాడో లేదో ఆవిడకి తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ పెరుగన్నం కలుపుకునేటప్పుడు ఆవిడ ఆ మాటే అనుకుంటుంది.

"అమ్మా, నువ్వేం అడగబోతున్నావో నాకు తెలుసు. అడక్కు" అంది దుర్గ.

"చెంచాడే కదే."

"చెంచాడు కాదు, పదేళ్ళ జైలు. నా పదిహేనేళ్ళు మట్టిలో కలిసిపోతాయి. పైగా ఆ నూనె పసిపిల్లలకే పోస్తారని ఏంటి నమ్మకం? యుద్ధం చేసేవాళ్ళు ముందు తమ పడవలకి పోసుకుంటారు."

"నిజమే. అబూ నసీరు కూడా నీలాగే ముందు చట్టం చూసుకుని తలుపు తీసుంటే నీకు అమ్మ ఉండేది కాదు."

దుర్గ కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయింది.

వీరవేణి తర్వాత కూతుర్ని అడగలేదు. అప్పుడప్పుడూ ఇంత పేడ, మట్టి వేస్తూ ప్రాణంతో ఉంచిన పచ్చడి జాడీ ఉండగా అడగడం దేనికి? చిక్కాల నేత నూలు తువ్వాలు ఒకటి తీసుకుని, దాని అంచుల్ని నూనె తోడులో నాలుగుసార్లు నానబెట్టి, నీడలో ఆరబెట్టింది. జాడీ అడుగున మిగిలింది కూడా గీకేసి పట్టించింది. మందులు తీసుకెళ్ళే సహాయ ఓడ కాకినాడలో ఉంది. అందులో నర్సుగా వెళుతున్న గ్రేస్ కుమారి ములికిలంక పిల్లే. వీరవేణి చేతి పెరుగు తిని పెరిగింది.

"మీర్జాను ఆసుపత్రిలో ఇయ్యి. గడ్డి, పేడ, నీళ్ళు, నాలుగు రోజులు. తర్వాత పక్కింటికి ఇయ్యమను. దాచుకోవద్దని సెప్పు, దాచుకుంటే చస్తది."

"పట్టుకుంటే ఏం చెప్పను పిన్నీ?"

"తువ్వాలని సెప్పు. తువ్వాలే కదా!"

ఆరు నెలల తర్వాత పైనుంచి తిరిగే ఉపగ్రహాలకి మీర్జాన్ దీపాలు కనబడ్డాయి. ఎలా వెలిగాయని లోకమంతా తలలు పగలగొట్టుకుంది. విచారణ భాండాగారం దాకా వచ్చింది, దుర్గని నాలుగు రోజులు గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ఆ సంగతి తెలిసిన గంటలో వీరవేణి బస్సెక్కి, విచారణ కోసం వచ్చిన భార్గవ గారి దగ్గరికి వెళ్ళి, "దాన్ని వదిలెయ్యండి బాబూ, ఇచ్చింది నేను" అంది. వాళ్ళు ఆవిణ్ణి జిల్లా మహిళా జైలుకి పంపారు. కూతుర్ని వదిలారు కానీ ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు.

దుర్గ ఒకే ఒక్కసారి జైలుకి వచ్చింది. కూర్చోలేదు.

"మల్లాడి ధర్మరాజు అని, కాకినాడ వైపు కుర్రాడు. మన సరకు ఓడ మీద వంటవాడు. మొన్న దర్బీన్ పడవ కాల్చిన కాల్పుల్లో పోయాడు. ఆ పడవ నీ తోడుతోనే కదిలిందమ్మా. చెప్పాను కదా నీకు."

మర్నాటి నుంచీ వీరవేణి పొద్దున్నే టీ తాగే ముందు ఆ కుర్రాడి పేరు ఒకసారి పైకి అనేది. పసిపిల్లలు బతికారు, వాడు పోయాడు. రెండూ తన చెంచా నుంచే వచ్చాయి. దాన్ని ఎలా సర్దిచెప్పుకోవాలో ఆవిడకి తెలియలేదు, సర్దిచెప్పుకోనూ లేదు.

ఆవిడ జైలుకి వెళ్ళిన పదో నెలలో భాండాగారంలో ఒక పాత్రలో తోడు విరిగిపోయింది. పాలు విరిగినట్టే, నూనె తేలడం మానేసి అడుగున నల్లటి జిగురు మిగిలింది. మర్నాడు మూడు, వారం తిరిగేసరికి అరవై నాలుగూ పోయాయి. ఒకే తోడు, రెండు తాళాల వెనక, ఎవరి గడపా తొక్కకుండా. దుర్గ రాసిన నలభై పేజీల్లో సరిగ్గా ఈ మాటే ఉంది. తిప్పాలి, పంచాలి, మళ్ళీ తెచ్చుకోవాలి అని. రహస్యం పోతుందని అధికారులు ఆ పేజీలు పక్కన పెట్టారు.

దేశం అప్పటికే ఆ నూనె మీద నడుస్తోంది. ఒక్క నెలలో బస్సులు ఆగాయి, పడవలు ఒడ్డెక్కాయి, ఆసుపత్రుల వాళ్ళు మళ్ళీ జనరేటర్ల వంక భయంభయంగా చూడటం మొదలుపెట్టారు. మిత్రదేశాల దగ్గర ఉన్నది పది విడతలకి చచ్చే తోడు. అదీ ఎప్పుడో అయిపోయింది. దుర్గని వెనక్కి పిలిచారు. మూసేసిన చెరువుల బురద మళ్ళీ తవ్వింది, రెండు వారాలు కంటికి కునుకు లేదు. ఏమీ దొరకలేదు.

అప్పుడు జైలుకి వచ్చింది. ఈసారి కూర్చుంది. వెనకాల భార్గవ గారు నిలబడ్డారు.

"అమ్మా, ఎక్కడైనా ఒక చెంచాడు ఉంచావా?"

"లేదే. జాడీ అడుగంతా గీకి తువ్వాలికే పట్టించేసేను. ఉంచుకోవాలని తెలిసీ ఉంచుకోలేదు. బతుకులో అదొక్కసారే." వీరవేణి కూతురి మొహం వంక చూసింది. కళ్ళ కింద నలుపు, జుట్టులో కొత్తగా తెలుపు. "దానికి అంత దిగులెందుకే? మనింట్లో విరిగితే ఏం చేత్తాం? ఇచ్చిన ఇంటికెళ్ళి తెచ్చుకుంటాం."

భార్గవ గారు గొంతు సవరించుకున్నారు. "అది శత్రుదేశమమ్మా. మేం అడగలేం. అడిగితే మన దగ్గర లేదని ఒప్పుకున్నట్టే. వాళ్ళు ఏం షరతులు పెడతారో, దిగ్బంధం ఎత్తమంటారో, బావి వదులుకోమంటారో..."

"మీరు అడగొద్దు లెండి. నేనడుగుతాను. తోడు అడగడానికి నామోషీ ఏటండీ?"

రెండు రోజులు ఢిల్లీలో తర్జనభర్జనలయ్యాక, సహాయ సంస్థ ఫోన్లో మీర్జాన్ ఆసుపత్రిలో ఉన్న గ్రేస్‌తో మూడు నిమిషాలు మాట్లాడనిచ్చారు. వీరవేణి మాట్లాడింది అర నిమిషమే.

"గ్రేసూ, బాగున్నావా? మా తోడు విరిగిపోయిందే. ఆళ్ళనడిగి ఇంత పట్రా."

ఆ ఫోను విషయం తెలిసి రెండు ప్రభుత్వాలూ ఎక్కడో మూడో దేశంలో బల్ల వేసుకుని కూర్చున్నాయి. పద్నాలుగు షరతులు, వాటికి ప్రతిషరతులు. నాలుగో షరతు మీద వాళ్ళు కొట్టుకుంటూ ఉండగానే సహాయ ఓడ కాకినాడ వచ్చేసింది.

బెయిలు మీద వదిలిన వీరవేణిని తీసుకుని దుర్గ, భార్గవ గారు రేవుకి వెళ్ళారు. గ్రేస్ నల్లబడింది, చిక్కింది. చేతిలో బట్టల మూట ఉంది. రేవు గోదాములో బల్ల మీద విప్పింది. లోపల గుడ్డపేలికలు. ఎర్రవి, గళ్ళవి, పూలవి, పసిపిల్లల లంగోటాల్లో చింపినవి, తలగుడ్డల్లో చింపినవి. ఒక్కోదాని అంచు గట్టిపడి, గోధుమరంగులో ఆరిపోయి ఉంది.

"నాలుగు వందల పన్నెండు ఇళ్ళు పిన్నీ" అంది గ్రేస్. "ఆసుపత్రిలో ఒకరితో చెప్పాను. సాయంత్రానికి గుమ్మం ముందు జనం. పైవాళ్ళ అనుమతి వచ్చేదాకా ఆగండంటే వినలేదు. ఇండియా అమ్మ అడిగింది తోడే కదా, దానికి పైవాళ్ళు దేనికి అన్నారు. వాళ్ళకీ మనలాగే, తోడు లేదనకూడదట."

దుర్గ ఒక పేలిక తీసి చూసింది, ఇంకోటి తీసింది. అన్నీ వేరువేరు ఇళ్ళు, వేరువేరు మట్టి. నలభై పేజీల్లో తను కోరుకున్నదంతా ఆ బల్ల మీద ఉంది. ఉన్నట్టుండి ఆ గుడ్డల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చేసింది. భార్గవ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అటు తిరిగారు.

"ఇది నీకు విడిగా ఇమ్మన్నారు" అంటూ గ్రేస్ జేబులోంచి చిన్న పొట్లం తీసింది. అందులో తెల్లటి కొత్త నూలుగుడ్డ, దానితో పాటు వెలిసిపోయిన పాత గళ్ళగుడ్డ ముక్క.

వీరవేణి ఆ పాత ముక్కని గుర్తుపట్టింది. అది తన చీర పైటచెంగు.

"నూనె తోడు గుడ్డకి పట్టించి నీడలో ఎలా ఆరబెట్టాలో ఆడవాళ్ళకి నేర్పుతుంటే, వెనకనుంచి ఒకావిడ గట్టిగా అరిచింది పిన్నీ. 'మా నాన్న యుద్ధంలోంచి మణికట్టుకి ఇలాంటి గుడ్డ కట్టుకొచ్చాడు' అని. అబూ నసీర్ కూతురట. ఆయన పదకొండు రోజులు నడిచాడంట. ఇల్లు చేరగానే అందరూ మీదపడి ఏడుస్తుంటే, ముందు పాలు వెచ్చబెట్టండి అన్నాడంట. పాతికేళ్ళకి పైగా వాళ్ళింట్లో పెరుగు ఆ తోడుదే. వీధి వీధంతా అదే. హిందీ తోడు అంటారు, అంటే ఇండియా తోడని. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆఖరి రోజు కూడా పెరుగు తిన్నాకే పడుకున్నాడంట. ఈ కొత్త గుడ్డలో ఉన్నది నూనె తోడు కాదు, పెరుగు తోడు. 'నీది నీకు పంపుతున్నాం, మా దగ్గరా ఇంత ఉంచుకున్నాం' అని చెప్పమంది."

వీరవేణి గోదాము గచ్చు మీద చతికిలబడింది. "చేరేడా? ఇల్లు చేరేడా?" అని ఆ రెండు మాటలే పదిసార్లు అడిగింది. గ్రేస్ పదిసార్లూ "చేరాడు పిన్నీ" అంది.

ఆ తర్వాత భాండాగారం తాళాలు మళ్ళీ వేయలేదు. వేస్తే మళ్ళీ విరిగిపోతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. నీలం డ్రమ్ములు పెరళ్ళలోకి తిరిగొచ్చాయి. మిత్రదేశాలకీ చావని తోడే వెళ్ళింది. యుద్ధం ఒక్కరోజులో ఆగలేదు, బల్ల దగ్గర వాళ్ళు పద్నాలుగో షరతు దాకా కొట్టుకున్నారు. కానీ ఆ బావి కోసం చావడానికి కుర్రాళ్ళు దొరకడం రెండు వైపులా తగ్గిపోయింది. వీరవేణి మీద కేసు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదాకి వెళ్ళినప్పుడల్లా జడ్జిగారు పేరడిగి, ఇంకో తేదీ ఇచ్చి పంపేస్తారు. ధర్మరాజు తల్లి ఇంటి గుమ్మం తొక్కే ధైర్యం ఆవిడకి ఇంకా రాలేదు. ఆ పేరు పొద్దున్నే పైకి అనడం మానలేదు.

కాకినాడ నుంచి ఇంటికి చేరిన సాయంత్రం వీరవేణి పాలు కాచి, వేలు పెట్టి వేడి చూసుకుని, ఆ తెల్లగుడ్డ ముంచి మూత పెట్టింది. పొద్దున్న లేచి మూత తీస్తే పెరుగు గడ్డలా తోడుకుని ఉంది. ముందుగా ఒక చెంచాడు తీసి చిన్న గిన్నెలో పక్కన పెట్టింది. తర్వాత రెండు కంచాల్లో అన్నం వడ్డించింది.

ఏడాదిన్నరగా తల్లి చేతి ముద్ద ముట్టని దుర్గ, పెరుగన్నం కలుపుకుని తింది. సగం తిన్నాక తలెత్తకుండానే అంది.

"పుల్లగా లేదమ్మా. తియ్యగా ఉంది."

"ముసలాయన ఇంటిదే" అంది వీరవేణి. ఆయనకి చేతులెత్తి దండం పెడదామంటే ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు. పడమటి కిటికీ వైపు తిరిగి పెట్టింది.

అంతలో పెరటి కంచె అవతలనుంచి మాటల్లేని తోడికోడలు గిన్నె టకటకలాడించింది. "అక్కా, కాసింత తోడుంటే ఎయ్యవే."

వీరవేణి కంచం వదిలేసి, ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచింది. తోడికోడలి గిన్నెలో మామూలుగా వేసేదానికన్నా రెండు చెంచాలు ఎక్కువే వేసింది.

"తీసుకెళ్ళవే. ఎవరడిగినా లేదనకు" అంది. ఆ రోజు తిట్టడం మర్చిపోయింది.